ఉత్త నీళ్ల లెక్క

మనుబోలు హైవే ఎక్కితే సిలికా ఇసుక లారీలు కనిపిస్తాయి. చిల్లకూరు, కోట వైపు తవ్వే తెల్లటి ఇసుక అది, గాజు ఫ్యాక్టరీలకు పోతుంది. ఆ ఇసుక పొడిని నీళ్లలో కలిపి, రేణువు ఎన్ని మైక్రాన్లుందో లేజర్ మిషన్‌లో చూడటం నా పని. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో 1000వ వంతు.

ఇవాళ ఇసుక వెయ్యకముందే స్క్రీన్ మీద చెదిరిన వెలుతుర్ని చూపే గీత ఎగిరి కూర్చుంది. ఉత్త నీళ్లకే! తీరా చూస్తే మిషన్లో నీళ్లుండే గాజు లోపల సూదిమొనంత బుడగలు. ఫ్రిజ్ నీళ్లు అలాగే పోసేశా. గది వేడికి అందులో కరిగున్న గాలి బయటికొచ్చింది. లేజర్‌కి బుడగైనా రేణువైనా ఒకటే, రెండూ వెలుతుర్ని చెదరగొడతాయి.

మిషన్ ముందు ఉత్త నీళ్లను కొలిచి, తర్వాత ఆ లెక్కను తీసేస్తుంది నిజమే. కానీ కాసేపుండి కాసేపు పోయే బుడగని ఎట్లా తీసేస్తుంది? కాచి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్ పోసి, గాజు తుడిచి, నీళ్లు తిప్పే వేగం తగ్గించా. గీత అణిగింది.

బియ్యం కొలిచే ముందు ఖాళీ తక్కెడ చూస్తాం కదా, ఇదీ అంతే. ల్యాబ్ పిల్లలూ, గీత కిందికి దిగేదాకా శాంపిల్ వెయ్యొద్దు.