పక్కకు తప్పుకోలేని బండి

మదరాసు వీధులలో ట్రాములు 1953లో నిలిచిపోయాయి. కెనడాలోని టొరంటో నగరం మాత్రం 1972లో వాటిని ఉంచుకోవాలనే నిశ్చయించింది. ఆ నిశ్చయానికి అసలు పరీక్ష కింగ్ వీధిలో జరిగింది.

ట్రాము పట్టాలు విడిచి పక్కకు తప్పుకోలేదు కదా! ఎడమకు తిరగాలని ఒక్క కారు ఆగితే, వెనుక ట్రాములో వందమందీ ఆగవలసిందే. రోజుకు సుమారు 20,000 కార్లు పోయే ఆ వీధిలో ట్రామెక్కేవారు 65,000 మంది! అందుకే 2017 నవంబరులో, రద్దీ భాగంలో కార్లు నేరుగా పోరాదనీ, చాలా కూడళ్ళలో కుడికి మళ్ళాలనీ కట్టడి చేశారు. హోటళ్ళవారు మండిపడ్డారు. అయినా 2019లో ఆ ఏర్పాటు శాశ్వతమయింది.

పట్టాలు అరిగితే కాంక్రీటు పగలగొట్టి కొత్తవి వేస్తారు. అన్నాళ్ళూ ట్రాము పక్క వీధులు పట్టవలసిందే. ఆ చిక్కు పని ముగిస్తే తీరుతుంది. కట్టడి మీరే కార్ల చిక్కు మాత్రం కాపలా ఉన్నన్నాళ్ళే తగ్గుతుంది. పట్టాలు వేసినవారు దారి కూడా ఇవ్వాలి మరి!