నడిచి వెళ్ళాల్సిన చోటు

ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. బెజవాడ ఒడ్డు నుంచి సీతానగరం ఒడ్డుకి వెళ్ళి వస్తే రెండున్నర కిలోమీటర్లకి కాస్త తక్కువ. విసురుగా నడిస్తే అరగంట. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వారంలో అయిదు రోజులు కృష్ణను దాటి వెనక్కి వస్తే ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. 1957లో ఈ బ్యారేజీ పూర్తయినప్పుడు పొలాలకి నీళ్ళు, రెండు ఒడ్లకీ నడుమ రోడ్డు, ఇవే దాని పని. ఊరివాళ్ళ గుండెకీ మోకాళ్ళకీ కూడా అది ఇంత మేలు చేస్తుందని కట్టినవాళ్ళు అనుకుని ఉండరు.

తెల్లవారుజామున దానిమీద నడిచేవాళ్ళకి ఒకే నది రెండు రకాలుగా కనిపిస్తుంది. ఎగువన 12 అడుగుల మట్టంలో గేట్లకి ఆనుకుని నిండుగా నీళ్ళు, దూరంగా భవానీ ద్వీపం, ఒడ్డున ఇంద్రకీలాద్రి మీద ఇంకా ఆరని దీపాలు. దిగువన ఇసుక తిన్నెలు, పాయలు, జమ్ము, మోకాలి లోతు నీళ్ళలో వల విసిరే మనిషి. మొత్తం 70 గేట్లు. వాటిని లెక్కపెట్టుకుంటూ తండ్రి చెయ్యి పట్టుకుని నడిచే పిల్లలుంటారు. ఆటోలోంచే చిల్లర నదిలోకి విసిరి కృష్ణమ్మకి దణ్ణం పెట్టుకునే ముసలమ్మలుంటారు. సీతానగరం చివర టీ తాగి వెనక్కి తిరిగేవాళ్ళలో చాలామందికి ఒకరి పేరొకరికి తెలియదు, మొహాలు మాత్రం తెలుసు. ఒకరు నాలుగు రోజులు కనబడకపోతే మిగతావాళ్ళు కనుక్కుంటారు.

మనిషిని పొద్దున్నే గడప దాటించడానికి పట్టుదల ఒక్కటే చాలదనీ, వెళ్ళడానికి ఒక చోటు కూడా ఉండాలనీ నా నమ్మకం. సిద్ధార్థ కాలేజీ గ్రౌండులోనూ, లయోలాలోనూ, మునిసిపల్ స్టేడియంలోనూ చుట్లు కొట్టేవాళ్ళంటే నాకు గౌరవమే. చీకటితో లేచి, బూట్లు కట్టుకుని, బీపీ షుగరు కబుర్లు చెప్పుకుంటూ ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళున్నారు. కానీ డాక్టరు భయపెడితే మొదలైన చుట్లు, రిపోర్టు బాగుందనగానే ఆగిపోవడం కూడా చూస్తూనే ఉన్నాను. అవతలి ఒడ్డుకో, కొండమీదికో, రైతుబజారుకో బయల్దేరినవాళ్ళు సగంలో ఆగరు. సగంలో ఆగితే అక్కడ ఏముంది?

ఈ సంగతి మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు. పౌర్ణమినాడు ఇంద్రకీలాద్రి గిరి ప్రదక్షిణ చూడండి. ఘాట్‌రోడ్డు మొదట్లో కామధేను అమ్మవారి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. కుమ్మరిపాలెం, విద్యాధరపురం, సితార సెంటరు, కబేళా, పాల ప్రాజెక్టు, చిట్టినగర్, కొత్తపేట, బ్రాహ్మణ వీధి మీదుగా తిరిగి అమ్మవారి దగ్గరికి చేరతారు. దాదాపు ఏడెనిమిది కిలోమీటర్లు, చాలామంది చెప్పుల్లేకుండా. వ్యాయామం అనే మాట ఆ దారిలో ఎవరి నోటా వినపడదు. పక్కవీధికి కూడా బండి తీసే మనిషి ఆ రోజు కొండ చుట్టూ తిరిగొచ్చి, కాళ్ళు లాగుతున్నాయని ఒక్క మాట అనడు.

మెట్లపూజ ఇంకా కష్టం. చీర చెంగు నడుముకి దోపి, ఎడం చేత్తో పసుపు గిన్నె పట్టుకుని మొదటి మెట్టు ముందు వంగుతారు. నీళ్ళు చల్లి, మెట్టు అంచంతా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఒక పువ్వుంచి, నడుం నిటారుగా చేసుకుని ఆ మెట్టెక్కి, పై మెట్టుకి మళ్ళీ వంగుతారు. అలా కొండపైదాకా. కొత్తగా పెళ్ళయిన పిల్ల గబగబా పోతుంటే, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన పెద్దావిడ పక్కమెట్టు మీద కాసేపు కూర్చుని మళ్ళీ లేస్తుంది. పైకి చేరేసరికి మోచేతుల దాకా పసుపు, మోకాళ్ళ దగ్గర చీరంతా తడి. జిమ్ములో శిక్షకుడు నిలబడి లెక్కపెట్టి చేయించే గుంజీలకి ఇదేమీ తీసిపోదు. పైగా వీళ్ళని లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ అక్కర్లేదు. భక్తి గురించి చెప్పే అర్హత నాకు లేదు గానీ, కదలడానికి ఒక కారణం, ఒక తిథి, ఒక తోడు కలిస్తే ఒళ్ళు ఎంత శ్రమకైనా ఒప్పుకుంటుందని ఆ మెట్ల మీద తెలుస్తుంది.

ఈ ఊళ్ళో నడకకి కొండ ఎంతో కాలువా అంతే. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడిబొడ్డులోంచి పోతాయి. ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ ఓర్ చేతిమీదుగా 1855 నాటికి, ఇప్పటి బ్యారేజీకి ముందు కృష్ణ మీద ఉన్న పాత ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడు మనం గాంధీ కొండ అనేదాన్ని ఒకప్పుడు ఓర్ హిల్ అన్నది ఆయన పేరుమీదే. అప్పట్లో కాలువలు నీళ్ళ కోసమే కాదు, పడవల కోసం కూడా. ఏలూరు కాలువ మీద గోదావరి డెల్టా దాకా, అవతలి ఒడ్డున కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీద మద్రాసు దాకా సరుకు పోయేది. గాలి ఉంటే తెరచాప. గాలి లేకపోతే గడ. రెండూ పనికిరానప్పుడు తాడు. పడవకి కట్టిన తాడు భుజాన వేసుకుని గట్టు వెంట మనుషులు లాక్కుపోయేవారు. లాకుల దగ్గర ఆగి, నీటిమట్టం సరిచూసుకుని, తలుపులు తెరుచుకున్నాక మళ్ళీ లాగేవారు. అంత చాకిరీని మెచ్చుకుని తిరిగి కోరుకోనక్కర్లేదు. నేను చెప్పేది గట్టు గురించి. అది మనుషులు నడిచిన దారి. ఎత్తుపల్లాలు లేవు, పక్కనే నీళ్ళు, దారి తప్పే వీల్లేదు. నడకదారి కోసం కొత్తగా భూమి సేకరించాల్సిన పనిలేని ఊరు మనది. కొన్నిచోట్ల గట్టు మీద చిన్న పార్కులు వేశారు, వాటిల్లో పొద్దునపూట జనం ఉంటున్నారు. పార్కుకీ పార్కుకీ మధ్య మాత్రం చెత్తకుప్పలు, ఆపిన లారీలు, విరిగిన కాంక్రీటు.

రోజువారీ సంగతికొస్తే, ఇంటికి కిలోమీటరు లోపల ఉన్న పని ఏదైనా కాళ్ళకి అప్పగించవచ్చు. పటమట రైతుబజారుకి సంచీ పట్టుకుని నడిచి వెళ్ళే ఆడవాళ్ళని గమనించండి. వెళ్ళేటప్పుడు ఖాళీ సంచీ, వచ్చేటప్పుడు రెండు చేతుల్లో నాలుగేసి కిలోల బరువు. కాళ్ళకీ, చేతులకీ, నడుముకీ ఒకేసారి పని. దీన్ని వ్యాయామం కింద ఎవరూ జమకట్టరు. జమకట్టాలి. పొద్దున్నే పార్కుకి పోయే తీరిక ఇంట్లో మగవాళ్ళకి దొరికినంత సులువుగా ఆడవాళ్ళకి దొరకదు. ఆ గంటలోనే పాలు, టిఫిను, క్యారేజీలు, పిల్లల స్కూలు బస్సు. వాళ్ళు చేసే నడక పనిలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి అది లెక్కలోకి రావడంలేదు.

ఇక సెలవులు. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ పిల్లలు దిగుతారు. అరిసెలు, జంతికలు, కోడికూర, టీవీ, పేకాట. మూడు రోజులూ కుర్చీలోనే గడిచి, నాలుగోరోజు కార్లో ఎక్కితే అది ఒంటికి సెలవెలా అవుతుంది? నెలల తరబడి కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకి పండగలో కావలసింది కదలడం. కనుమ నాడు రథం ముగ్గు తొక్కకుండా బయటికొచ్చి, ఒక సైకిలు అడిగి తీసుకుని కరకట్ట ఎక్కమంటాను నేను. యనమలకుదురు దాటాక ఊరి రొద వెనకబడుతుంది. పెదపులిపాక, చోడవరం, రొయ్యూరు, తోట్లవల్లూరు. ఎడమ పక్క ఊళ్ళు, కుడి పక్క లంకలు. లంకల్లో అరటి, కంద, పసుపు. జనవరిలో మంచు విడిచేదాకా అరటాకుల మీంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా రాలుతూనే ఉంటాయి. డెల్టా నేల చదును కాబట్టి గేర్ల సైకిలు అక్కర్లేదు, పాలవాడి సైకిలైనా చాలు. గాలి ఒక్కటే చూసుకోవాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. పొద్దున్నే దిగువకి పోయి సాయంత్రం బెజవాడ వైపు తిరిగితే ఆ గాలి వీపు తోస్తుంది.

కార్తీకంలో వనభోజనాలున్నాయి. వానలు వెనకబట్టి, ఎండ మెత్తబడి, ఉసిరిచెట్టు కాయలతో ఉండే రోజులు. సంవత్సరంలో డెల్టా మనిషి ఆరుబయట గడపడానికి అంతకంటే మంచి కాలం లేదు. మన పూర్వులు ఆ పండగని సరిగ్గా అక్కడే పెట్టారు. తోట దాకా నడక, ఎండుపుల్లలు ఏరడం, నీళ్ళు మోయడం, పిల్లలు ఏడుపెంకులాట ఆడటం, పెద్దవాళ్ళు పంచెలు బిగించి చెడుగుడుకి దిగడం, ఇవన్నీ అయ్యాకే పులిహోర. ఇప్పుడు ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుని, కుండీలో ఉసిరిమొక్క పెట్టి, బఫే వడ్డిస్తున్నారు. నాకిది బాధగా ఉంది. చెట్టు కింద కూర్చునే వీలున్నప్పుడు హాల్లో ఎందుకు కూర్చోవాలి? భవానీ ద్వీపానికి పడవ ఉంది, కొండపల్లి అడవి దగ్గర్లోనే ఉంది, మామిడితోటలు ఎటు పోయినా ఉన్నాయి.

ఎండ గురించి చెప్పకుండా బెజవాడలో ఆరుబయట గురించి మాట్లాడటం తప్పు. ఏప్రిల్, మే నెలల్లో కొండరాళ్ళు రాత్రి కూడా వేడి వదలవు. పైగా గాలిలో తేమ. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది గానీ ఆరదు. అందుకే ఉష్ణోగ్రత అంకె ఒకటే అయినా పొడి ఊళ్ళకంటే ఇక్కడ ఒళ్ళు త్వరగా ఓడిపోతుంది. రోహిణి కార్తెలో పొద్దున అయిదింటికి బయల్దేరి ఆరున్నరకల్లా ఇంటికి చేరాలి. బయల్దేరేముందు నీళ్ళు, వచ్చాక ఉప్పేసిన మజ్జిగ. తల తిరిగినా, చెమట హఠాత్తుగా ఆగినా నీడకి చేరి సాయం అడగాలి, పంతం పనికిరాదు.

నీళ్ళ పక్కన పుట్టిన ఊళ్ళో పిల్లలకి ఈత రాకపోవడం నాకు సహించదు. వెన్నం జ్యోతి సురేఖ నాలుగేళ్ళ వయసులో కృష్ణలో 5 కిలోమీటర్లు ఈది లిమ్కా రికార్డుల పుస్తకానికెక్కిన బెజవాడ పిల్ల. తర్వాత విల్లు పట్టుకుని, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. అందరూ పతకాలు తేనక్కర్లేదు, తేలగలిగితే చాలు. గాంధీనగర్‌లో సర్ విజ్జీ ఈతకొలను ఉంది. ముందు అక్కడ, నేర్పేవాళ్ళ ఎదుట నేర్చుకోవాలి. వేసవి సెలవుల్లో స్నేహితులతో నదిలోకి దిగి తిరిగి రాని పిల్లల వార్త ప్రతి ఏడూ చదువుతున్నాం. ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు. మోకాలి లోతు అనుకున్నచోట రెండడుగుల అవతల రెండు నిలువులుంటుంది. ఈత వచ్చినవాళ్ళయినా తెలియని రేవులో దిగకూడదు.

నడవడానికి చోటు ఉండాలన్నాను గదా, ఆ చోటు ఎలా ఉండాలో మా పక్కింటి వదినగారి నోట వినాలి. ఆవిడ స్కూలు టీచరుగా రిటైరయ్యారు. కాలువ గట్టు మీద నడకదారి వస్తే బావుంటుంది కదండీ అన్నాను ఓ సాయంత్రం. ఆవిడ తడుముకోకుండా చెప్పారు: "దారొక్కటేస్తే మీ మగవాళ్ళే నడుస్తారు. తెల్లారకముందే వెలిగే లైట్లు కావాలి. అర కిలోమీటరుకో బల్ల కావాలి, నాకు మోకాళ్ళు అంతవరకే పోతాయి. శుభ్రమైన బాత్రూమొకటి, తాళం వెయ్యనిది. కుక్కల సంగతి కార్పొరేషను చూడాలి. చెట్లు మాత్రం పూలమొక్కలొద్దు, వేపా కానుగా వెయ్యమనండి, నీడ పడాలి. ఇవి పెడితే మా వీధిలో పదిమంది ఆడవాళ్ళని నేను తీసుకొస్తాను."

ఆ మాటలు కాగితం మీద పెట్టి వార్డు సచివాలయంలో ఇద్దామని ఇద్దరం అనుకున్నాం. సంతకాలు ఆవిడ సేకరిస్తున్నారు, ఇంటింటికీ నడిచి.