తెల్ల పొడి, తలనొప్పి

మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తుంటే ఆపి వాదించిన ఘనుణ్ణి నేను. "తీశావు కాబట్టే తగ్గిందని ఎలా తెలుసు?" అని అడిగేవాణ్ణి. అదే నోటితో ఇరవయ్యేళ్ళు "నాకు అజినమోటో పడదు, తలనొప్పి వస్తుంది" అని చెప్పుకుంటూ తిరిగాను. నన్నెవరూ ఎలా తెలుసని అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

2018లో ఆఫీసు పనిమీద మూడు వారాలు టోక్యోలో ఉన్నాను. మకాం షింబాషిలో. అక్కడ రైలు పట్టాల కిందా చుట్టుపక్కల సందుల్లోనూ చిన్నచిన్న తిండి దుకాణాలు. పన్నెండయ్యేసరికి నల్లకోట్ల ఉద్యోగులు రామెన్ షాపు ముందు వరసకడతారు. గుమ్మం దగ్గర మిషన్లో డబ్బులేసి బొత్తాం నొక్కితే చీటీ వస్తుంది, దాన్ని కౌంటరు మీద పెడితే చాలు. భాష రానివాడికి ఇంతకంటే ఏం కావాలి! లోపల పది స్టూళ్ళు. టై భుజమ్మీదకి విసిరి, గిన్నె మీదకి వంగి, జుర్రుమని లాగేస్తారు. మా ఇంట్లో అలా చప్పుడు చేస్తే వీపు మోగేది. కబుర్లుండవు. వెనక నిలబడ్డవాళ్ళ ఆకలి మెడకి తగులుతూంటుంది కాబట్టి పావుగంటలో లేస్తారు.

అక్కడే ఎనిమిదిసార్లు తిన్నాను. హాయిగా ఉంది. తొమ్మిదోసారి వంటాయనకి ఎదురుగా స్టూలు దొరికింది. ఖాళీ గిన్నెలో గరిటెడు సోయాసాస్, దాంట్లో చిన్న చెంచాడు తెల్లటి పలుకులు, పైన మరిగే పులుసు. ఆ పలుకులేమిటని పక్కనున్న జపాను సహోద్యోగిని అడిగితే "అజినొమోతో" అన్నాడు.

నాలుగింటికల్లా కణతలు పట్టేశాయి.

ఆ రాత్రి చాలాసేపు చదువుతూ కూర్చున్నాను. 1908లో టోక్యో ఆచార్యుడు కికునాయె ఇకెదా సముద్రపు నాచు పులుసులోంచి గ్లుటమేట్‌ని విడదీశాడు. మనం రోజూ తినే టమాటాలోనూ ఉండేదే అది. దాని మీద అనుమానం పుట్టింది 1968లో, ఒక అమెరికన్ వైద్య పత్రికకి ఒక డాక్టరు రాసిన ఉత్తరంతో. ఆయన కూడా ఇదే కారణం అనలేదు, సోయాసాస్, వంటలో వాడే వైను, ఉప్పులతో పాటు ఇదీ కావచ్చేమో అన్నాడు. 2000లో వెలువడిన ఒక పరిశోధనలో, తమకి పడదని చెప్పిన 130 మందికి ఏమిస్తున్నారో తెలియకుండా ఇచ్చి చూశారు. కొందరికి ఉత్తుత్తి మందుతోనూ లక్షణాలు వచ్చాయి. మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తే ఫలితం నిలకడగా రాలేదు.

సిగ్గేసింది. పైగా నాకు బీపీ ఉంది. నిజంగా భయపడాల్సిన ఉప్పుని పులుసుతో సహా అడుగంటా తాగి, పక్కనున్న చెంచాని చూసి హడలిపోయాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ పరీక్ష పెట్టింది. పది సాయంత్రాలు సూపు, అయిదింట పొడి, అయిదింట లేదు. ఏ రోజు ఏదో ఆవిడ పుస్తకానికే తెలుసు. మూడుసార్లు తల నొప్పింది. అందులో రెండు పొడి వెయ్యని రోజులు. (పది సూపులతో శాస్త్రం తేలదని నాకూ తెలుసు. వడ్డించే మనిషి మొహం చూసే వీలున్న పరీక్ష కూడాను.)

అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. సాంతం విని, "పొడి కాదన్నమాట. అయితే అంతమందిలో కూచుని తిన్నావుగా, దిష్టే తగిలుంటుంది" అంది.