నొప్పికి భాష

జ్వరాన్ని థర్మామీటరు కొలుస్తుంది. రక్తపోటును కొలిచే యంత్రమూ ఉంది. నొప్పిని కొలిచే పరికరం మాత్రం నేటికీ లేదు. దానికి సాక్షి రోగి ఒక్కరే. మూడు నెలలకు మించి వేధించే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించనంత మాత్రాన అది లేదనుకోవడం తొందరపాటు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పి ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని స్పష్టం చేసింది.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ మెల్జాక్ 1975లో ఒక ప్రశ్నావళిని ప్రచురించాడు. నొప్పిని వర్ణించే 78 మాటలు అందులో 20 వర్గాలుగా ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషు మాటలే. ఈ విషయంలో తెలుగువారికి అరువు అక్కరలేదు.

2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం చెరకు పండే సీమ. గడను మొదలంటా నరకాలంటే నడుము వంచక తప్పదు; ఆపై మోపులెత్తాలి. అటువంటి కూలి స్త్రీ వచ్చి, “నడుం పీకేస్తంది బాబూ” అంటుంది. చీటీ మీద ‘నడుము నొప్పి’ అని మాత్రమే వ్రాస్తే ఎంత జారిపోతుంది! పీకడం వేరు, సలపడం వేరు. కలుక్కుమనడం క్షణంలో పట్టేసే నొప్పి. మంట, తిమ్మిరి, పిక్కదాకా జివ్వున లాగడం అన్నప్పుడు నరం ఒత్తుకుంటున్నదేమోనని వైద్యుడు ఆలోచించాలి.

అయితే ఆ మాట నోటివెంట రావడానికి వ్యవధి కావాలి. అమెరికాలో 1984లో వెలువడిన ఒక అధ్యయనంలో, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డుతగిలినట్లు తేలింది. గది బయట బారులు తీరిన జనాన్ని చూస్తే ఆ తొందర అర్థం కాకపోదు, క్షమించడమే కష్టం.

ఎప్పుడు మొదలైంది, వంగితే పెరుగుతుందా, నిద్ర పడుతోందా అని అడగడం మామూలే. జ్వరం, బరువు తగ్గడం, కాలిలో పట్టు తప్పడం, మూత్రం అదుపు తప్పడం వంటివి ఉన్నాయేమో తెలుసుకోవడం మరీ ముఖ్యం. అవి ఆలస్యాన్ని సహించవు.

అన్నింటికన్నా మెల్లగా అడగవలసినది మందుల దుకాణంలో కొని మింగిన బిళ్ళల సంగతి. కొన్ని నొప్పి బిళ్ళలు ఎక్కువకాలం వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గద్దించి అడిగితే ఎవరు చెబుతారు? “ఏ బిళ్ళ వేసుకుంటే పనిలోకి వెళ్ళగలుగుతున్నారమ్మా?” అంటే కొంగుముడి విప్పి చూపిస్తారు.

చివరగా, “ఈ నొప్పి వల్ల ఏది మానుకున్నారు?” అని అడగాలి. పని మానుకోవడం కూలివారికి కుదరదు; అందుకే జవాబు ఒక్కోసారి వేరుగా ఉంటుంది: “మనవణ్ణి ఎత్తుకోలేకపోతన్నాను.” అది కూడా చీటీలో ఎక్కాలి. మళ్ళీ వచ్చినప్పుడు వైద్యుడు మొదట అడగవలసినది ఆ పిల్లవాణ్ణి గురించే.