కాలినడక బజారు

వేసవిలో పదకొండు దాటితే గురజాల బజారులో పిట్ట కూడా కనపడేది కాదు. సాయంత్రం రేడియోలో ప్రాంతీయ వార్తలు చదువుతూ, రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత రెంటచింతలలో నమోదైందని చెప్పేవాళ్ళు. రెంటచింతల మాకు పొరుగూరే. వాళ్ళను కాల్చిన ఎండే మమ్మల్నీ కాల్చేది. కొట్లవాళ్ళు గోనెపట్టాలు తడిపి ముందు వేలాడగట్టి, గల్లాపెట్టె పక్కనే చాప మీద ఒరిగేవాళ్ళు. అరుగులన్నీ నాపరాళ్ళవి. పల్నాడులో ఆ రాయికి కరువు లేదు కాబట్టి ఇంటి నేల, ప్రహరీ గోడ, గొడ్ల కొట్టం, కొట్టు మెట్లు అన్నీ దానితోనే. ఐదింటికి పట్టాలు పైకి లేచేవి. కొట్టు ముందు బిందెలతో నీళ్ళు గుమ్మరించేవాళ్ళు. కాగిన రాయి మీద నీళ్ళు పడ్డప్పుడు లేచే ఆ వాసనతో బజారు మొదలయ్యేది. అక్కడి నుంచి రాత్రి తొమ్మిది దాకా వీధి మొత్తం నడిచేవాళ్ళదే.

నేను చెబుతున్నది 1970ల చివరి సంగతి. అప్పటికి నాగార్జునసాగర్ నీళ్ళు వచ్చి పదేళ్ళు దాటింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాము నుంచి 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. మా నాయనమ్మకు ఊరి కథంతా కాలవ రాకముందు, కాలవ వచ్చాక అని రెండు ముక్కలు. కాలవ రాకముందు జొన్న, సజ్జ, వరిగ, ఆముదం. బజారులో కొనేవి ఉప్పు, కిరసనాయిలు, పండక్కి ఒక ముతక చీర. మిగతాదంతా ఇంటి గాదెలోదే. కాలవ వచ్చాక వరి, పత్తి, మిరప వచ్చాయి, వాటితో చేతిలో డబ్బులు ఆడాయి. బట్టల కొట్లు, ఇత్తడి సామాన్ల కొట్లు పెరిగాయి. ఎరువుల కొట్లు, పురుగుమందుల కొట్లు కొత్తగా వెలిశాయి. ఒక వీధి ఎందుకు పెరిగిందో తెలుసుకోవాలంటే దాని చుట్టూ పొలాల్లో ఏం పండిందో చూడాలని నేను నమ్ముతాను.

పొలాలతో పాటు కచేరీలూ మా బజారును పోషించాయి. నలగామరాజు ఏలిన ఊరన్న పేరు సరే, మా చిన్నప్పుడు గురజాల పల్నాడు తాలూకాకు ముఖ్యపట్టణం. 1985లో మండలాలు వచ్చేదాకా ఊళ్ళ జనానికి ఏ కాగితం పని పడినా ఇక్కడికే రావాలి. కోర్టు వాయిదాకు వచ్చినవాళ్ళు, కరణాల వెంట వచ్చినవాళ్ళు పని అయ్యాక, కాకపోయినా, బజారులోకి దిగేవాళ్ళు. గోళీసోడా తాగి, పిల్లలకు కారప్పూస పొట్లం కట్టించుకుని బస్సుకో, మాచర్ల మీటరుగేజి బండికో పోయేవాళ్ళు.

నాయనమ్మతో బజారుకు వెళ్ళడమంటే ఆ పూట ఇంకో పని పెట్టుకోకూడదు. ఆ చివర నుంచి ఈ చివరకు గబగబా నడిస్తే పది నిమిషాల దారి. ఆమెకు సాయంత్రమంతా పట్టేది. ప్రతి అరుగు దగ్గరా ఆగాలి. చిల్లర కొట్టు శెట్టిగారు తక్కెట్లో చింతపండు వేస్తూనే అడిగేవాడు: "మీ చిన్నకోడలు నీళ్ళాడిందా అమ్మా?" "ఇంకా నెల ఉందిలే శెట్టీ. పోయినసారి నువ్విచ్చిన కందిపప్పు ఉడకలా." "తెచ్చెయ్యి తల్లీ, మార్చిస్తా." అక్కడ నా చేతిలో ఒక బెల్లం ముక్క పడేది. తర్వాత గాజుల సాయిబుగారి దగ్గర. "చెయ్యి వదులుగా పెట్టు పాపా, నా మీద నమ్మకం లేదా?" అంటూ నా పిడికిలిని ఆయన ఒడుపుగా నలుపుతుంటే, ఎప్పుడు ఎక్కిందో తెలియకుండా గాజు మణికట్టుకు చేరేది. ఎక్కిస్తూ చిట్లినదానికి ఆయన డబ్బులు తీసుకోడు. దర్జీ మిషను ముందు బల్ల మీద ఎవరో ఒకరు పేపరు పైకి చదువుతుండేవాళ్ళు. చదువు రానివాళ్ళు చుట్టూ నిలబడి వినేవాళ్ళు. వీధి నడుమ మేము గీతలు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. వచ్చే ఎద్దుబండికి దూరం నుంచే మువ్వలు వినపడేవి, తీరిగ్గా పక్కకు తప్పుకునేవాళ్ళం.

ఆ నడకకూ అరువుకూ సంబంధం ఉందని నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. శెట్టిగారి పద్దుపుస్తకంలో సంతకాలు ఉండేవి కావు. మిరపకాయలు అమ్మాక ఇస్తామన్న మాటే పత్రం. రోజూ కళ్ళ ముందు నడిచే మనిషికి అప్పు ఇవ్వడానికి వేరే హామీ అక్కర్లేదు. ఎవరి చేనుకు తెగులు తగిలింది, ఎవరి ఇంట్లో పెళ్ళి కుదిరింది, ఎవరు మంచాన పడ్డారు అన్నీ అరుగు మీద కూర్చున్న ఆయనకు తెలుసు. బాకీ అడగాల్సిన సంవత్సరమేదో, అడగకూడని సంవత్సరమేదో కూడా తెలుసు.

1987లో ఆ లెక్క తప్పింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని తినేసింది. ఎన్నిసార్లు మందు కొట్టినా దోమ చావలేదు, పురుగుమందుల కొట్లో పద్దు మాత్రం పెరిగింది. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. సెలవులకు వస్తే బజారు పలచగా కనపడింది. బాకీ ఉన్న రైతులు వెనక సందుల్లోంచి పోతున్నారు. ఏ చేలకు కొన్నారో ఆ మందే తాగి ఆ రెండు జిల్లాల్లో పత్తి రైతులు చనిపోయారు. శెట్టిగారు అరుగు మీద కూర్చునే ఉన్నాడు గాని వచ్చేపోయేవాళ్ళను పలకరించడం తగ్గించాడు. పలకరిస్తే బాకీ అడిగినట్టు అవుతుందని ఆయన బాధ. మనుషులు ఒకరి ముందు ఒకరు నడవలేకపోయిన ఆ ఏడాదిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

తర్వాత మంచి పంటలూ వచ్చాయి, లూనాలూ స్కూటర్లూ వచ్చాయి, ఆటోలొచ్చాయి. అరుగులు ఒక్కొక్కటే పోయాయి. ఇప్పుడు వెళితే అమ్మలు పిల్లల మణికట్టు గట్టిగా పట్టుకుని గోడవారగా నడుస్తున్నారు. బండి మీద వచ్చినవాళ్ళు దిగకుండానే సరుకు అడిగి, వెనక హారన్ మోగితే చిల్లర లెక్కపెట్టుకోకుండా కదులుతున్నారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు, నిలబడే చోటే లేదు.

ఇలా బండ్లు నిండిన బజారును మళ్ళీ నడిచేవాళ్ళకు ఇచ్చిన ఊరొకటుంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో స్ట్రోయె అనే బజారుంది. కిలోమీటరు పైచిలుకు పొడవు, ఇరుకు వీధులు నాలుగైదు కలిసిన దారి. అక్కడా కార్లు నిండి మనిషి నడవలేని పరిస్థితి వచ్చింది. 1962 నవంబరు 17న ఆ వీధికి కార్లు ఆపేశారు, అదీ ప్రయోగంగానే. అంతకుముందు క్రిస్మస్ రోజుల్లో మాత్రం కొద్దిగా ఆపే అలవాటుండేది. కారు రాకపోతే బేరం రాదని వర్తకులు గట్టిగా వ్యతిరేకించారు. ఈ చలిదేశంలో వీధిలో ఎవరు తిరుగుతారని పత్రికలు రాశాయి. జనం తిరిగారు, బేరాలూ పెరిగాయి. 1964లో ఆ ఏర్పాటు శాశ్వతమైంది. యాన్ గేల్ అనే వాస్తుశిల్పి అక్కడ జనం ఎంత వేగంతో నడుస్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు అని ఏళ్ళ తరబడి లెక్కలు రాశాడు. అది చదువుతుంటే నాకు నాయనమ్మే కళ్ళకు కట్టింది. మన దగ్గర హైదరాబాదులోనూ చార్మినార్ చుట్టూ బండ్లు ఆపి రాళ్ళు పరిచారు.

కోపెన్‌హాగన్ వాళ్ళకు క్రిస్మస్ ఎలాగో మాకు తిరునాళ్ళ అలాగ. అమ్మవారి తిరునాళ్ళకు జనమే నిండిపోయి బండ్లు వాటంతట అవే ఆగిపోతాయి. కార్తీక అమావాస్యకు మొదలయ్యే, పల్నాటి వీరులకు చేసే కారంపూడి వీరారాధనలోనూ అంతే. ఆ ఉత్సవాల్లో మందపోరు అనే రోజున, అందరూ కలిసి కూర్చుని తినే చాపకూడు కోసం నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ వీధుల్లో నడిచాడు. అంటే వీధిని నడిచేవాళ్ళకు వదలడం పల్నాడుకు కొత్త కాదు. ఏటా చేస్తున్నదే.

2020లో గురజాల నగర పంచాయతీ అయింది. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా బజారులోకి బండ్లు రాకుండా ఆపాలని నా కోరిక. సరుకు లారీలు పొద్దున్నే దించుకుని పోవచ్చు. బండ్లు పెట్టుకోవడానికి రెండు చివర్లా జాగా చూడాలి. తోపుడుబండ్ల వాళ్ళను తరిమెయ్యకూడదు, మోకాళ్ళ నొప్పులవాళ్ళ కోసం కొట్ల ముందు మళ్ళీ నాపరాళ్ళ అరుగులు వెయ్యాలి. పోయిన సంక్రాంతికి ఈ మాట శెట్టిగారి మనవడితో అన్నాను. ఇప్పుడు కొట్టు అతనిదే. కాసేపు ఆలోచించి, "రోజూ అంటే మావాళ్ళు ఒప్పుకోరు మేడమ్. ముందు ఆదివారాలు చూద్దాం, నేను పక్క కొట్ల వాళ్ళతో మాట్లాడతా" అన్నాడు.