పత్తి ఇక్కడిదే, చొక్కా ఎక్కడిదో

నవంబరులో వరంగల్ ఏనుమాముల మార్కెట్టు చుట్టుపక్కల రోడ్ల మీద పత్తి బండ్లదే రాజ్యం. ట్రాలీలు, బొలేరోలు, ఆటోలు, వాటి మీద గుట్టలుగా తెల్ల బస్తాలు. ఈ సందడిలో రైతు జాతకం తేల్చేది అరచేతిలో ఇమిడే చిన్న తేమ మీటరు. అంకె 8 దాటనంత వరకు పూర్తి మద్దతు ధర. అక్కడి నుంచి ఒక్కో శాతానికీ కోత పడుతుంది. 12 దాటితే భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, అసలు కొననే కొనదు. రాత్రి కురిసిన మంచుకు ఈ లెక్కలు పట్టవు. 2024-25 సీజన్‌లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. సీసీఐ వద్దన్న సరుకును వ్యాపారి ఎంతకు అడిగితే అంతకే ఇచ్చుకోవాలి.

జిన్నింగు మిల్లులో క్వింటాలు పత్తి ఆడిస్తే వచ్చే దూది ముప్పయి నాలుగు కిలోలకు కాస్త అటూ ఇటూ. మిగిలినదంతా గింజే. ఆ దూదిని 170 కిలోల బేళ్లుగా బిగించి లారీకెత్తుతారు. అందులో పెద్ద వాటా తమిళనాడు దారి పడుతుంది. కోయంబత్తూరు వైపు మిల్లుల్లో నూలై, తిరుప్పూరులో బనియనై, మళ్లీ వరంగల్ చౌరస్తా దుకాణాల్లోకి వస్తుంది. పత్తి పంటలో తెలంగాణ దేశంలోని మొదటి మూడు రాష్ట్రాల్లో ఒకటి. అయినా పంట ధర దగ్గరే ఇక్కడి ఆదాయం ఆగిపోతుంది. నూలు వడికిన కూలి, అద్దకం కూలి, కుట్టుకూలి అన్నీ పొరుగూళ్లకే పోతాయి.

ఈ నేలకు నేత కొత్తేమీ కాదు. కాకతీయుల కాలంలో మోటుపల్లి రేవు సంగతులు రాసిన మార్కోపోలో ఇక్కడి సన్నబట్టలను చూసి ముచ్చటపడ్డాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు ఉన్నాయి. ఆ తివాచీల పని దాదాపు కనుమరుగైంది కానీ, దాని పక్కనే పెరిగిన దర్రీల పని నేటికీ వరంగల్ కొత్తవాడలో బతికే ఉంది. జంపఖానా అంటే చాలామందికి సులువుగా తెలుస్తుంది. పెళ్లి పందిట్లో, బడిలో, హాస్టల్లో కింద పరిచేది అదే. దళసరి నూలుతో పడుగు సాగదీసి, రంగురంగుల పేకను మగ్గం మీద దిట్టంగా బిగిస్తారు. ముతక నూలు కాబట్టి పని తేలికనుకుంటే పొరపాటే. ఆ బిగువు కోసం భుజాలు పడిపోయేదాకా కొట్టాలి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు పత్రం పేరును కాపాడుతుందే తప్ప ఆర్డర్లు తెచ్చిపెట్టదు. ప్లాస్టిక్ చాపలు, మరమగ్గాల చవక సరుకు మధ్య చేతిమగ్గం దర్రీకి కొనేవాళ్లను వెతుక్కోవడమే కొత్తవాడ నేతన్నలకు పెద్ద పని. ఇళ్లలో పెద్దవాళ్లు మగ్గం దిగితే ఆ మగ్గం గుంటలో మళ్లీ కూర్చోవడానికి పిల్లలు ఇష్టపడడం లేదు. వాళ్లను తప్పుపట్టలేం.

పత్తి పండే చోటే గుడ్డ నేయాలన్న ఆలోచన ఇక్కడ ఒకసారి గట్టిగానే అమలైంది. నిజాం ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1934లో, ఆయన పెద్ద కొడుకు పేరిట ఆజంజాహి మిల్లు మొదలైంది. వడకడం, నేయడం రెండూ ఒకే ప్రాంగణంలో జరిగేవి. మిల్లు సైరను మోతతోనే సగం ఊరు లేచేదని ఇక్కడి పెద్దలు చెబుతారు. నగరంలో లేబర్ కాలనీ అన్న పేరు ఆ రోజులదే. 1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లాక యంత్రాలు పాతబడ్డాయి, నష్టాలు పేరుకున్నాయి. 2002లో స్వచ్ఛంద పదవీ విరమణతో చివరి కార్మికులనూ ఇంటికి పంపేశారు. తర్వాత కథంతా భూమిదే. మిల్లు స్థలంలో ఓ సిటీ పేరుతో ప్లాట్లు వెలిశాయి, కొత్త కలెక్టరేటుకూ అక్కడే చోటిచ్చారు. మిల్లులో పనిచేసినవాళ్లు మాత్రం ఇంటి జాగా కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేయాల్సి వచ్చింది. యంత్రాల కన్నా కింది నేలకే విలువెక్కువైన మిల్లులు ముంబయిలోనూ ఉన్నాయి, కానీ అక్కడ కనీసం ఆ గొడవ మీద సినిమాలొచ్చాయి.

ఇక్కడ పని లేక నేతగాళ్లు భివండి, షోలాపూర్, సూరత్ వెళ్లారు. ఆ ఊళ్ల మరమగ్గాల షెడ్లలో తెలుగు వినిపించని సందు ఉండదు. ఇదే కాలంలో పత్తి రైతు కూడా కుదేలయ్యాడు. 1997-98లో లద్దెపురుగు దెబ్బకు, అప్పులకు వరంగల్ జిల్లా రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్తలయ్యాయి. నేసేవాడు ఊరు విడిచాడు, పండించేవాడు పురుగుమందు తాగాడు.

వలస వెళ్లినవాళ్లను వెనక్కి రప్పిస్తామన్న మాటతోనే 2017 అక్టోబరు 22న గీసుగొండ, సంగెం మండలాల మధ్య, శాయంపేట దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. పన్నెండు వందల ఎకరాలకు పైబడిన పార్కు అది. 2023 మార్చిలో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర జౌళి పార్కుల్లో దీనికీ చోటు దక్కింది. అయితే కొత్తగా కట్టే పార్కుకు కేంద్ర సాయం 500 కోట్ల దాకా ఉంటే, అప్పటికే మొదలైనదానికి 200 కోట్లే. ముందుగా పని మొదలుపెట్టినందుకు వరంగల్‌కు తక్కువ వాటా దక్కిందన్నమాట!

ఇంతకీ పార్కుకు వచ్చిందెవరు? గణేశా సంస్థ 2022లో వాడేసిన ప్లాస్టిక్ సీసాలను పాలిస్టర్ దారంగా మార్చే ఫ్యాక్టరీ తెరిచింది. ఏనుమాముల పత్తితో దానికి పనే లేదు. పసిపిల్లల బట్టలు కుట్టే కేరళ కంపెనీ కిటెక్స్ వచ్చింది. సొంత రాష్ట్రంలో తనిఖీలతో విసిగి 2021 జూలైలో అక్కడి పెట్టుబడి ఆపుకొన్న ఆ కంపెనీ అధిపతిని తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక విమానం పంపి మరీ పిలిపించుకుంది. పసిపిల్లల బట్టకు నూలే మేలు కాబట్టి ఇక్కడి పత్తికి ఏదైనా ఆశ ఉంటే ఆ వైపే. కొరియాకు చెందిన యంగ్‌వన్ ఫ్యాక్టరీకి 2023 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. చలికోట్లు, పర్వతారోహకుల దుస్తులకు పేరున్న కంపెనీ అది, వాటికి ఎక్కువగా వాడేది కృత్రిమ నూలే.

యంగ్‌వన్ పేరు బంగ్లాదేశ్‌లో అందరికీ తెలుసు. 1980 నుంచి చిట్టగాంగ్‌లో ఫ్యాక్టరీలు నడుపుతోంది. ఆ దేశానికి పత్తి పంట లేదనే చెప్పాలి, దూది దాదాపు అంతా దిగుమతే. అయినా ఎగుమతుల రాబడిలో ఎనభై శాతానికి పైగా కుట్టిన బట్టలదే. పక్కనే రేవు, లక్షల మంది ఆడవాళ్ల చేతులు, పన్నులు లేని యూరప్ మార్కెట్టు దాన్ని నిలబెట్టాయి. ఆ చౌకదనం వెనక 2013లో రానా ప్లాజా కూలి పదకొండు వందల మందికి పైగా చనిపోయిన చరిత్రా ఉంది. వరంగల్‌కు పత్తి ఉంది, కాజీపేట రైల్వే జంక్షన్ ఉంది, రేవు లేదు. పైగా 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, అమెరికా కొనుగోళ్ల మీద ఆధారపడిన కిటెక్స్ లాంటి కంపెనీలకు ముందుగా దడ పుట్టింది.

మరి వెనక్కి రప్పిస్తామన్న మాట ఏమైంది? సూరత్ నుంచి తిరిగొచ్చిన నేతగాళ్లు పార్కులో కన్నా వరంగల్ పక్కనున్న మడికొండ మరమగ్గాల షెడ్లలోనే ఎక్కువ కనిపిస్తారు. పార్కు వెతుకుతున్నది నేతగాణ్ణి కాదు, కుట్టుమిషను మీద రోజంతా ఒకే కుట్టు వేయగల అమ్మాయిని. ఒకరు కాలరు, ఒకరు చెయ్యి, ఒకరు గుండీ పట్టీ. గంటకిన్ని అని లెక్క. పత్తి ఏరడానికి వెళ్లే ఇళ్ల నుంచే ఈ అమ్మాయిలు రావాలి. వాళ్లు చేరేముందు అడిగేవి జీతం, బస్సు, రాత్రి షిఫ్టు సంగతులు. పెళ్లయినవాళ్లు ఇంకొకటి అడుగుతారు, పిల్లల్ని ఎక్కడ ఉంచాలని. ముప్పయి మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది.