గండికోట దారిలో

ఊరినుండి స్నేహితులు వస్తే వారికి ఏమి చూపించాలి? చెన్నపట్నంలో కాపురముండే వారందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. సముద్రతీరం చూపుతారు, మ్యూజియం చూపుతారు, బట్టల అంగళ్లు చూపుతారు. రెండు రోజులలో ఆ పని అయిపోతుంది. మూడవనాటి నుండి అతిథులు రైలు టిక్కెట్టు ఎక్కడ పెట్టామా అని వెతుక్కోవడం మొదలుపెడతారు.

చూలైలో చిన్న అచ్చుకూటం నడుపుకొనే ఒక తెలుగాయనకు అర్ధసంవత్సర పరీక్షల సెలవులలో ఇదే పరిస్థితి వచ్చింది. విశాఖపట్నం నుండి ఆయన బాల్యమిత్రుడు భార్యతో, కొడుకుతో వచ్చి దిగాడు. మిత్రులిద్దరూ చిన్నప్పుడు మదరాసులో ఒకే బడిలో చదువుకున్నారు. తండ్రికి బదిలీ కావడంతో ఒకరు వెళ్లిపోయారు, ఒకరు ఉండిపోయారు.

"మదరాసులో నేను చూడనిది ఏముందిరా?" అన్నాడు వచ్చినాయన.

"అయితే మదరాసును ఇచ్చిన వాళ్ల కోట చూద్దాం పద" అన్నాడు ఉన్నాయన.

మరునాడు తెల్లవారకముందే అద్దె వ్యాను చూలై హైరోడ్డులో వచ్చి నిలిచింది. పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు ఎక్కించారు. విశాఖ ఆవిడకు 'చూలై' అనే పేరు వినగానే నవ్వు వచ్చింది. తెలుగులో చూలు అంటే వేరే అర్థం గదా! ఇది తమిళపు మాట. ఇటుకలు కాల్చే బట్టీని తమిళంలో చూలై అంటారు. ఒకప్పుడు ఇక్కడ అటువంటి బట్టీలు ఉండేవట. ఇప్పుడు బట్టీలు లేవు, పేరు మిగిలింది.

ఇంటాయన కూతురు తెలుగు మాధ్యమంలో ఎనిమిదవ తరగతి చదువుతున్నది. అతిథిమర్యాద తెలిసిన పిల్ల. "అత్తా, మీరు యాడ కూర్చుంటారు? కిటికీకాడ గాలి బాగా వస్తుంది" అన్నది. విశాఖ అబ్బాయి పకపక నవ్వాడు. "యాడ ఏమిటి? ఎక్కడ అనాలి. మీది తెలుగేనా?" అన్నాడు. పెద్దవాళ్లు కూడ కొంచెం నవ్వారు. అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. అయినా ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. తిరువళ్లూరు దాటినా, తిరుత్తణి కొండ కనిపించినా ఆమె నోరు విప్పలేదు. తండ్రి గమనించాడు కాని, ఏమీ అనలేదు.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. హద్దులు సరిచేసినప్పుడు అటునుండి ఇటు వచ్చింది. రాష్ట్రాల గీతలు కాగితం మీద ఒక్క రోజులో మారుతాయి. ఇళ్లలో మాట్లాడే భాష అంత త్వరగా మారదు. నగరి దగ్గర దుకాణాల పలకలు తెలుగులోకి మారాయి. దూరాన ముక్కులాగా ముందుకు పొడుచుకొని వచ్చిన కొండబండ కనిపించింది. దానిని నగరి ముక్కు అంటారు. పూర్వం సముద్రంమీద వచ్చే ఓడవాళ్లకు కూడ అది గురుతుగా ఉండేదట.

తిరుపతి దాటి కొద్దిదూరం పోగానే చంద్రగిరి. పెద్ద కొండ కింద పచ్చిక, చెట్లు, వాటి నడుమ రెండు మహళ్లు. మూడంతస్తుల రాజమహలు, రెండంతస్తుల రాణిమహలు. రాయి, ఇటుక, సున్నం వాడి రాజమహలును కట్టారు, కలప వాడలేదు. చెదలకు అక్కడ తినడానికి ఏమీ దొరకలేదన్నమాట! ఇప్పుడు ఆ మహలులో పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల ఉన్నది. చుట్టూ ఉండిన కట్టడాలు చాలావరకు పునాదులుగా మిగిలాయి.

బయట ఉన్న పలకను చదవమని విశాఖాయన కొడుకుతో అన్నాడు. అబ్బాయి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ రెండు వాక్యాలు చదివి, "ఇంగ్లీషులో కూడ ఉంది నాన్నా" అన్నాడు. మిగిలినది చూలై పిల్ల గడగడ చదివేసింది. చదివి మళ్లీ మౌనంగా నిలబడింది.

1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుబడింది. రాయలవంశంవారు మొదట పెనుకొండకు, పిమ్మట చంద్రగిరికి రాజధానిని మార్చుకున్నారు. ఆ రాయల కింద దామెర్లవారు తీరప్రాంతాన్ని ఏలుతూ ఉండేవారు. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు సముద్రపుటొడ్డున కొంత ఇసుకనేలను, అక్కడ కోట కట్టుకొనే అనుమతిని ఇంగ్లీషు కంపెనీవారికి ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరిట వెలసినదే చెన్నపట్నం. ఆ దానపత్రం ఈ రాజమహలులోనే రాశారని చెప్పేవారున్నారు. వినడానికి బాగుంటుంది. దానికంటె గట్టి మాట ఒకటి ఉన్నది: 1645లో శ్రీరంగరాయలు ఆ అనుమతిని తిరిగి స్థిరపరిచాడు. ఆ మరుసటి ఏడే చంద్రగిరి గోల్కొండవారి వశమైంది. పట్నం ఇచ్చినవారికి కోట నిలువలేదు. పట్నం మాత్రం నిలిచింది.

"అంటే మీరు ఇక్కడికి వలస వచ్చినవాళ్లు కారన్నమాట" అన్నాడు విశాఖాయన.

"మా తాతలు నెల్లూరునుండి వచ్చినవాళ్లేరా. ఊరు మటుకు ముందునుంచీ మనవాళ్లదీ, వాళ్లదీ కూడా" అని నవ్వాడు మిత్రుడు.

మధ్యాహ్నం రేణిగుంట మీదుగా కడప దారి పట్టారు. ఈ దారిని తొందరపడి దాటరాదు. ఎడమ ప్రక్క శేషాచలం కొండలు, కుడివైపు దూరంగా వెలికొండలు, నడుమ పొడుగాటి లోయ. మామిడితోటలు, అరటితోటలు, నిమ్మతోటలు. కొండవాలున ఉన్న అడవిలో ఎర్రచందనం పెరుగుతుంది. లోకంలో మరెక్కడా సహజంగా పెరగని ఈ చెట్టు ఈ కొండలనే ఎంచుకున్నది.

లోయలో చెయ్యేరు పారుతుంది. ఇసుకలో సన్నగా సాగే ఆ ఏరును చూసి "ఇదా ఏరు!" అన్నాడు అబ్బాయి. వ్యాను నడిపే ఆయన వెనక్కు తిరగకుండానే, "తక్కువగా చూడొద్దు బాబూ" అన్నాడు. 2021 నవంబరులో పెద్ద వానలు కురిసి, ఈ ఏటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువనున్న ఊళ్లమీద నీళ్లు పడ్డాయి. ఇళ్లు పోయాయి, గొడ్లు పోయాయి, మనుషులు పోయారు. "గండి పడింది" అని ఒక్క మాటలో ఆయన చెప్పి ఊరుకున్నాడు. వ్యానులో కొంతసేపు ఎవ్వరూ మాట్లాడలేదు.

ఆ రాత్రి కడపలో పడుకొని, మరునాడు జమ్మలమడుగు చేరి, అక్కడినుండి గండికోటకు వెళ్లారు. ఏరు కొండను కోసి దారి చేసుకొన్నచోటును కూడ గండి అనే అంటారు. పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పోయే గండి ఒడ్డున కట్టిన కోట కనుక గండికోట. ఒకవైపు మనిషి దిగలేని లోయ, మిగిలిన వైపుల రాతిగోడ. పెమ్మసానివారు దీనిని కేంద్రంగా చేసుకొని విజయనగర రాజుల పక్షాన ఏలారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొన్నాడు.

రెండేండ్ల తరువాత ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే మీర్ జుమ్లాను చూడడానికి ఇక్కడికి వచ్చాడు. మసూలీపట్నంనుండి బయలుదేరి, మదరాసు మీదుగా రోజుల తరబడి ప్రయాణం చేశాడు. అప్పటికి మదరాసుకు పదమూడేళ్లు. చూలై వ్యాను వెళ్లినదీ మదరాసునుండి గండికోటకే. కాని దానిలో పంకా ఉన్నది, పులిహోర ఉన్నది.

కోట లోపల మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు మీనార్లు ఒకే చూపులో కనిపిస్తాయి. మసీదు ప్రక్కనే పెద్ద ధాన్యాగారం. దాని లోపల నిలబడి అబ్బాయి గట్టిగా కేకవేశాడు. కేక తిరిగి వచ్చింది. ముట్టడి వచ్చినప్పుడు తిండికోసం గింజలు దాచిన చోటు అది. కోటకు ఫిరంగులకంటె గింజలే పెద్ద బలమని ఇంటాయన అన్నాడు. గుడిలో ఇప్పుడు పూజ లేదు. రాతిస్తంభాలమీద చెక్కిన బొమ్మలను ఆడవాళ్లిద్దరూ చాలాసేపు చూశారు.

సాయంకాలం లోయ అంచుకు వెళ్లారు. ఎర్రటి రాళ్లు పెట్టెలు పేర్చినట్లుగా ఒకదానిమీద ఒకటి. ఆ రాళ్ల వయస్సు నూరు కోట్ల ఏండ్లకు పైమాటే. ఎక్కడో కిందుగా పెన్న, ఆకుపచ్చగా, కదలనట్లు ఉన్నది. కంచె లేదు. పిల్లలను చెయ్యి పట్టుకొని వెనక్కు లాగవలసి వచ్చింది.

మేకలను తోలుకొని ఒక ముసలాయన అటుగా వచ్చాడు. చూలై పిల్లను చూసి, "ఏం పాపా, యాడ్నించి వచ్చినారు?" అన్నాడు.

అబ్బాయి చటుక్కున ఆ పిల్లవైపు చూశాడు. ఆమె ముఖం విప్పారింది.

"మదరాసునించి వచ్చినాము తాతా. మేకలు యాడికి పోతాయి?"

"ఇంటికే. పొద్దుగూకింది గదా." ఆయన కర్రమీద ఆనుకొని నిలబడ్డాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన మాట విశాఖవారికి ఒక్కొక్కచోట తెలియలేదు; చూలై పిల్ల తిప్పి చెప్పింది.

ఈ నీళ్లు ఎక్కడికి పోతాయని విశాఖ ఆవిడ అడిగింది. ఇంటాయన చెప్పాడు. పెన్న ఇక్కడినుండి మైలవరం జలాశయానికి, ఇంకా కిందికి పోయి సోమశిలకు చేరుతుంది. 1983లో మొదలుపెట్టిన తెలుగుగంగ కాలువల పథకంలో శ్రీశైలంనుండి వచ్చే కృష్ణానీళ్లు కూడ సోమశిలలోనే కలుస్తాయి. అక్కడినుండి కండలేరుకు, కండలేరునుండి కాలువలో పూండికి. 1996లో తొలిసారి ఆ నీళ్లు పూండి చెరువుకు వచ్చాయి. పూండినుండి చెన్నపట్నానికి.

"అయితే మా వీథి కొళాయిలో వచ్చేది ఇదేనా నాన్నా?" అన్నది పిల్ల.

ముసలాయన ఈ మాటలన్నీ వింటున్నాడు. "వస్తాండాయా పాపా, నీళ్లు?" అని అడిగాడు.

ఆమె కొంచెం ఆలోచించింది. "ఒక ఏడు వస్తాయి, ఒక ఏడు రావు తాతా. రానప్పుడు లారీకాడ బిందెలు పెట్టుకొని నిలబడతాము."

"ఇక్కడా అంతే" అన్నాడు ఆయన. మేకలు అప్పటికే కోటగోడ దాటిపోయాయి. ఆయన వాటిని అదిలిస్తూ గబగబ నడిచాడు.